పాకే పిల్లాడున్న ఇంట్లో ఎలుకలు, మందు పెట్టకుండా వదిలించుకునే దారి ఉందా?

నిద్రలేని అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా మా ఇంట్లో రాత్రి పన్నెండు దాటితే చాలు సజ్జ మీద అలికిడి మొదలవుతోంది. ముందు బల్లి అనుకుని వదిలేశాను. తర్వాత సరుకుల డబ్బాల వెనక నల్లటి పెంటికలు కనిపించాయి, ఒక డబ్బా ప్లాస్టిక్ మూత అంచంతా కొరికేసి ఉంది, వాషింగ్ మెషీన్ నీళ్లు పోయే గొట్టానికి కన్నం పడి ఒకరోజు వంటిల్లంతా నీళ్లయింది. అవన్నీ ఓర్చుకున్నాను గానీ, మొన్న పొద్దున లేచి చూస్తే పిల్లాడి పాలసీసా పీక కొరికి ఉంది. రాత్రి కడిగి వంటగట్టు మీద బోర్లించిన సీసా అది. చూసుకోకుండా అందులోనే పాలు పోసి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఆ రోజంతా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బాబుకి 10 నెలలు. ఇల్లంతా పాకుతున్నాడు, నేల మీద ఏది దొరికితే అది నోట్లోకే. మా ఆయన ఎలుకల మందు తెచ్చి మూలమూలకీ పెట్టేద్దాం, రెండు రోజుల్లో పోతాయి అంటున్నారు. నాకు మాత్రం ఆ మాట వింటేనే టెన్షన్. ఎలుక ఆ బిళ్లని ఈడ్చుకొచ్చి సోఫా కింద పడేస్తే? అది బాబు చేతికి అందితే?

ఇప్పటిదాకా చేసినవి చెప్తాను. ఒక బోను పెట్టాం, మొదటి రాత్రే ఒకటి పడింది, తర్వాత పది రోజులైనా ఒక్కటి కూడా పడలేదు. ప్లగ్గులో పెట్టే సౌండ్ మెషీన్ రెండు వారాల నుంచి ఆన్‌లోనే ఉంది, దాని పక్కనే పెంటికలు కనబడ్డాయి. అత్తయ్య చెప్తే పుదీనా నూనెలో దూది ముంచి మూలల్లో పెట్టాను, ఒకటి రెండు రోజులు తగ్గినట్టనిపించింది, మళ్లీ మామూలే.

మందు లేకుండా వీటిని పూర్తిగా పోగొట్టడం అసలు సాధ్యమేనా? పెంటికలున్న చోట ఎలా శుభ్రం చేయాలి? పిల్లిని పెంచుకోమని కొందరంటున్నారు, అది పని చేస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

తాపీపని మనిషి

అమ్మా, సాధ్యమే. ఇరవై ఏళ్లుగా ఇళ్ల మరమ్మతులు చేస్తున్నాను, ఎలుకల ఇళ్లు చాలా చూశాను. అందరూ చేసే పొరపాటు ఒకటే. ఇంట్లో ఉన్న ఎలుకని ఎలా చంపాలా అని చూస్తారు గానీ అది ఏ దారిన వచ్చిందో చూడరు. ఆ కన్నం తెరిచి ఉన్నంతకాలం మీరు పదింటిని చంపినా పదకొండోది వస్తుంది. పైగా వాటి సంతానం లెక్క చాలా వేగంగా పెరుగుతుంది. ఎలుక గర్భం మూడు వారాలే, ఒక్కో ఈతకి ఆరు నుంచి పన్నెండు దాకా పిల్లలు, ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ ఈనడానికి సిద్ధం. కాబట్టి తీరిగ్గా చూద్దాంలే అనుకునే పని కాదిది.

ముందు మీ ఇంట్లో ఉన్నది పెద్ద ఎలుకా, చిట్టెలుకా తేల్చుకోండి. పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. బియ్యపు గింజంత ఉండి చివర్లు సన్నగా ఉంటే చిట్టెలుక. అంతకు రెండు మూడింతలు, అంటే 12 నుంచి 18 మిల్లీమీటర్ల పొడవుంటే పెద్ద ఎలుక. ఇది ఎందుకు ముఖ్యమంటే, చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ దూరే కన్నంలోంచి అది దూరిపోతుంది. పెద్ద ఎలుకకి 12 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మన చిటికెనవేలు పట్టేంత ఉంటే సరిపోతుంది. తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే. మనం "ఇంత చిన్న సందులోంచి ఏం వస్తుందిలే" అని వదిలేసిన చోటే అవి వస్తుంటాయి.

దారి కనిపెట్టడానికి నేను చేసే పని చెప్తాను, ఖర్చేమీ లేదు. రాత్రి బాబు పడుకున్నాక గోడల వెంబడి, వాషింగ్ మెషీన్ వెనక, సింకు కింద పల్చగా పిండి చల్లండి. పొద్దున బాబు లేవకముందే టార్చి పక్కవాటుగా వేసి చూడండి. పాదాల గుర్తులు, మధ్యలో తోక గీసిన గీత కనబడతాయి. ఆ గుర్తులు ఎక్కడ మొదలయ్యాయో అటు వెళ్లండి. ఇంకో గుర్తు, అవి రోజూ ఒకే దారిన గోడకి రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి ఒంటి జిడ్డు, మురికి అంటుకుని గోడ అడుగున నల్లటి మరక పడుతుంది. కన్నం చుట్టూ అలాంటి మరక ఉంటే అది వాడుకలో ఉన్న దారే. అనుమానంగా ఉన్న కన్నంలో నలిపిన పేపరు ఉండ కూరి వదిలేయండి. రెండు మూడు రోజులైనా కదలకపోతే ఆ దారి వాడటం లేదు. పేపరు తోసేసి ఉంటే మీకు కావాల్సింది దొరికినట్టే.

వెతకాల్సిన చోట్లు: సింకు కింద గొట్టం గోడలోకి పోయే చోటు (నేను చూసిన ఇళ్లలో సగానికి పైగా ఇక్కడే), వాషింగ్ మెషీన్ గొట్టం బయటికి వెళ్లే కన్నం, ఏసీ పైపు పోయే కన్నం, ఎక్స్‌హాస్ట్ ఫ్యాన్, తలుపు కింద సందు, కప్పూ గోడా కలిసే మూల, బాత్రూం తూము జాలీ. ఇంటి మీదికి చెట్టు కొమ్మలు వాలి ఉంటే గోడకీ కప్పుకీ మీటరుకు పైనే దూరం ఉండేలా నరికించండి. కప్పు మీద తిరిగే రకం ఎలుకలు తీగలు, కొమ్మలు పట్టుకుని వచ్చేస్తాయి. సజ్జ మీద అలికిడి అన్నారు కాబట్టి పైన కూడా తప్పకుండా చూడండి, కింద ఒక్కటే మూస్తే లాభం లేదు.

ఇక మూయడం. ఫోమ్ స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేయకండి, ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. వాటి ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం వాటికి తప్పదు. చెక్క, ప్లాస్టిక్, రబ్బరు, మెత్తటి సిమెంటు ఏదీ ఆగదు. చిన్న కన్నాల్లో స్టీలు పీచు గట్టిగా కూరి పైన సిమెంటు పూయండి. తడి తగిలే చోట స్టీలు పీచు తుప్పు పడుతుంది, అక్కడ రాగి పీచు మంచిది. గాలి ఆడాల్సిన చోట 6 మిల్లీమీటర్ల కంటే చిన్న కళ్లున్న ఇనుప జాలీ బిగించండి, దోమల నెట్ కాదు. తలుపు కింద రేకు పట్టీ కొట్టించండి, పెన్సిల్ దూరనంత సందు మిగలాలి.

మూయడమూ పట్టడమూ ఒకేసారి జరగాలి. బయటి కన్నాలు మూసేసి లోపల బోనులు పెట్టకపోతే లోపల చిక్కినవి బయటికి దారి కోసం ఇంకా కొరుకుతాయి. వైర్లు కూడా చూసుకోండి. ఎక్కడైనా పైతొడుగు కొరికి రాగి బయటపడితే మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, షార్ట్ సర్క్యూట్ అయి మంటలు రావచ్చు. గొట్టం కొరికారంటే వైర్ల మీదికి రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఒకప్పటి బాధితుడు

పై ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మాకు నాలుగు నెలలు పట్టింది, దానిలో మూడు నెలలు కన్నం సంగతి ఆలోచించకపోవడం వల్లే వృథా అయ్యాయి.

మీ బోనులో ఒకటి పడి తర్వాత ఏదీ పడకపోవడానికి కారణం చెప్తాను. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే భయం. రోజూ తిరిగే దారిలో కొత్తది కనిపిస్తే కొన్ని రోజులు దాని జోలికే రాదు. పడిన మొదటిది బహుశా వయసు తక్కువది, మిగతావి దూరంగా ఉండిపోయాయి. చిట్టెలుకలు దీనికి పూర్తిగా వేరు, కొత్తది కనిపిస్తే వచ్చి వాసన చూసి వెళ్తాయి. అందుకే మీవి ఏవో తేల్చుకోమని ఆయన చెప్పారు.

పెద్దవైతే ఇలా చేయండి. బోను తలుపు తెరిచి కట్టేసి, లోపల తిండి పెట్టి, నాలుగైదు రోజులు అలాగే వదిలేయండి. అవి వచ్చి తినిపోతూ అలవాటు పడతాయి. తిండి రోజూ మాయమవుతోందని నమ్మకం కుదిరాకే బోను బిగించండి. మేము ఇలా చేశాక మొదటి రెండు రాత్రుల్లోనే మూడు పడ్డాయి. అంతకుముందు నెల రోజుల్లో ఒక్కటి పడింది.

ఒక్క బోనుతో పని జరగదు. మేము ఆరు పెట్టాం. గదికి ఒకటి చొప్పున పంచకుండా, గుర్తులు కనిపించిన చోటే ఎక్కువ పెట్టాలి. చిట్టెలుక తన గూటి నుంచి పది మీటర్లు దాటి పోవడం తక్కువ, కాబట్టి రెండు మూడు మీటర్లకొకటి చొప్పున పెడితేనే వాటి దారిలో పడుతుంది. పెట్టడం కూడా గోడకి ఆనించి, తిండి ఉన్న వైపు గోడకి తగిలేలా పెట్టండి. గది మధ్యలో పెడితే అటు రానే రావు, వాటి ఒళ్లు గోడకి రాసుకుంటూ పోవడమే వాటికి ధైర్యం.

తిండి విషయంలో ఒక్క మాట. స్ప్రింగు బోనులో (తిండి ముట్టగానే స్ప్రింగు కొట్టి చంపే రకం) పెద్ద ముక్క పెడితే లాక్కుని పారిపోతాయి. పీనట్ బటర్ లాంటి జిగటగా ఉండేది శెనగగింజంత పూస్తే నాకుతూ అక్కడే నిలబడతాయి, స్ప్రింగు కొడుతుంది. చలికాలంలో గూడు కట్టుకునే ఆడవాటికి తిండి కంటే దూది, దారం ముక్క ఎక్కువ ఆశ చూపిస్తాయి, స్ప్రింగు మీట మీద దారంతో కట్టండి. అన్నిటికంటే ముందు ఇంట్లో మిగతా తిండి వాటికి అందకుండా చేయండి. ఎంగిలి గిన్నెలు రాత్రంతా సింకులో ఉంటే మీరు బోనులో పెట్టిన శెనగగింజంత దాని కోసం ఏ ఎలుక వస్తుంది? చిట్టెలుకకి రోజుకి మూడు గ్రాముల తిండి చాలు, అంటే స్టవ్ కింద రాలిన ముక్కలతో అది హాయిగా బతికేస్తుంది. స్టవ్ జరిపి తుడవండి.

జిగురు అట్టలు వాడకండి. ఒకసారి వాడాను. రాత్రంతా అరుస్తూ తన కాలు తానే కొరుక్కుంది. పొద్దున నేనే దాన్ని చంపాల్సి వచ్చింది, ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేను. ఇంగ్లండ్‌లో 2024 జూలై నుంచి లైసెన్సు లేకుండా వాటిని ఎలుకలకి పెట్టడం నేరం చేశారు. పాకే పిల్లాడున్న ఇంట్లో ఆ జిగురు నేల మీద ఉండటం కూడా మంచిది కాదు.

అంతా మందుతోనే

నాది వేరే అభిప్రాయం. ఇవన్నీ చేసే ఓపిక ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి ఎక్కడుంటుంది? మేము మందు బిళ్లలు పెట్టాం, వారంలో అలికిడి ఆగిపోయింది. పిల్లలకి అందని ఎత్తులో పెడితే భయమేముంది.

జంతువుల డాక్టర్

పై మిత్రుడు అనుకున్నంత తేలిక కాదండీ, అందుకే ఇది రాస్తున్నాను. నేను పశువైద్యురాలిని, ఎలుకల మందు తిన్న కుక్కలు, ఎలుకని తిన్న పిల్లులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఎక్కువగా దొరికే బిళ్లల్లో ఉండేది బ్రోమాడియోలోన్, బ్రోడిఫాకమ్ లాంటి మందులు. ఇవి రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. ఎలుక తిన్న వెంటనే చావదు, మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఇది కావాలనే అలా తయారు చేసింది, తిన్న వెంటనే జబ్బు పడితే ఎలుక మళ్లీ ఆ తిండి ముట్టదు. ఈ రకంలో మొదటిది వార్ఫరిన్, 1948లో ఎలుకల మందుగా వచ్చి తర్వాత గుండె జబ్బుల వాళ్లకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందైంది. 1958లో స్కాట్లండ్‌లో దానికి లొంగని ఎలుకలు బయటపడ్డాయి. తర్వాత ఇంకా బలమైనవి వచ్చాయి. ఇప్పటి మందులు ఒంట్లో వారాల తరబడి ఉండిపోతాయి. అందుకే అది తిన్న ఎలుకని పిల్లి గానీ గుడ్లగూబ గానీ తింటే వాటికీ ప్రమాదం. ఎలుకల్ని తినే గుడ్లగూబే చచ్చిపోతే చివరికి పెరిగేది ఎలుకలే.

పిల్లల విషయంలో అసలు భయం ఇక్కడే ఉంది. బిళ్ల నమిలిన పిల్లాడు ఆ రోజు మామూలుగానే ఆడుకుంటాడు, రెండు మూడు రోజుల తర్వాతే చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. ఏమీ కాలేదని ఊరుకోకూడదు. ఈ రకానికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది, త్వరగా తీసుకెళ్తే బతికించవచ్చు. కానీ జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో రకం ఎలుకల మందుకి విరుగుడు లేదు, అది కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. పేస్టులా దొరికే పసుపు భాస్వరం మందుకీ విరుగుడు లేదు. మొదటి రోజు వాంతులై, మధ్యలో బాగున్నట్టే అనిపించి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఆ పేస్టు చిన్నపిల్లలున్న ఇంట్లోకి తీసుకురానే కూడదని నేను గట్టిగా చెప్తాను.

పొరపాటున బాబు ఏదైనా తిన్నాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. నోట్లో మిగిలింది తుడిచి తీసేసి, మందు ప్యాకెట్ చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్ చేయగలిగింది ఉంటుంది.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. మందు తప్పదనుకుంటే అది తాళం వేసే పెట్టెలో, ఇంటి బయట, ఆ పని తెలిసినవాళ్ల చేతనే పెట్టించాలి. ఎత్తులో పెడితే చాలనుకోవద్దు, ఎలుక దాన్ని నోట కరుచుకుని ఎక్కడైనా దాస్తుంది. మీరు పెట్టిన చోట అది ఉండదు. అమ్మగారి భయం నూటికి నూరుపాళ్లు సబబే.

పిల్లి గురించి అడిగారు. కొన్ని పిల్లులు చిట్టెలుకల్ని పడతాయి, ఎదిగిన పెద్ద ఎలుక జోలికి చాలావరకు పోవు. దానిమీద ప్రేమ ఉంటే పెంచుకోండి, ఎలుకల కోసమని మాత్రం తెచ్చుకోకండి.

ఒకప్పటి బాధితుడు

మందు పెట్టినవాళ్లకి ఇంకోటి కూడా చెప్పాలి. మా పక్కింటివాళ్లు పెడితే ఒకటి వాళ్ల గోడ లోపల ఎక్కడో చచ్చింది. రెండు వారాలు ఆ గదిలో ఎవరూ పడుకోలేకపోయారు, ఈగలు. గోడ పగలగొట్టించాల్సి వచ్చింది. మందు తిన్నవి బయటికి పోయి చస్తాయనేది ఉత్త మాట, జబ్బు పడిన జీవి తన గూట్లోకే పోతుంది.

సౌండ్ మెషీన్ తీసి పక్కన పెట్టేయండి. ఆ శబ్దం గోడలు, బీరువాలు దాటి పోదు, కొన్ని రోజులకి వాటికి అలవాటైపోతుంది కూడా. 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇవి తయారు చేసే, అమ్మే అరవైకి పైగా కంపెనీలకి, ఆధారాలు లేకుండా పనిచేస్తాయని చెప్పకండి అంటూ హెచ్చరిక లేఖలు పంపింది. పుదీనా నూనె వాసన ఆరిపోగానే దాని పని అయిపోయినట్టే.

నిద్రలేని అమ్మ

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి పిండి చల్లాం. వాషింగ్ మెషీన్ వెనక నుంచి వంటగట్టు దాకా గుర్తులే గుర్తులు, తోక గీతలు కూడా. పెంటికలు కొలిచాను, దాదాపు 12 మిల్లీమీటర్లు, చివర్లు సన్నగా ఉన్నాయి. మెషీన్ జరిపి చూస్తే గొట్టం బయటికి పోయే చోట గోడకి మూడు వేళ్లు పట్టేంత కన్నం. దాని చుట్టూ నల్లటి మరక. ఇన్నేళ్లుగా అటు ఎప్పుడూ చూడలేదు. మా ఆయన కూడా డాక్టర్ గారు రాసింది చదివి మందు మాట మానేశారు.

ఇప్పుడు శుభ్రం చేయడం గురించి భయంగా ఉంది. మెషీన్ వెనక పెంటికలు బాగా ఉన్నాయి. చీపురుతో ఊడ్చేయొచ్చా?

రాత్రి డ్యూటీ నర్సు

ఊడ్చకండి చెల్లీ! వాక్యూమ్ కూడా పెట్టొద్దు. ఎండిన పెంటికలు, మూత్రం దుమ్ముగా లేచి ఊపిరితో లోపలికి పోతాయి. హాంటా వైరస్ లాంటివి అలాగే వస్తాయి.

ముందు బాబుని వేరే గదిలో ఎవరి దగ్గరైనా ఉంచండి. కిటికీలు, తలుపులు తెరిచి అరగంట పాటు గదిలోంచి బయటికి వచ్చేయండి. తర్వాత రబ్బరు గ్లవుజులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్ ద్రావణంలో తొమ్మిది వంతుల నీళ్లు అప్పటికప్పుడు కలిపి పెంటికల మీద బాగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు నాననివ్వండి. బ్లీచ్‌లో యాసిడ్, అమోనియా ఉన్న క్లీనర్ ఏదీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. నానాక పేపర్లతో తుడిచి తీసి, రెండు కవర్లలో కట్టి పారేసి, అదే ద్రావణంతో నేల మొత్తం ఇంకోసారి తుడవండి. గ్లవుజులు తీసేముందు వాటినీ కడిగి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. బోనులో పడినవాటిని తీసేటప్పుడు కూడా ఇదే పద్ధతి, ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

కొరికిన పీక పారేయండి, మరిగించినా వద్దు, ఆ చిరుగులో మురికి నిలుస్తుంది, ముక్క ఊడి బాబు గొంతులో పడొచ్చు. సీసా మాత్రం కడిగి మరిగించి వాడుకోవచ్చు. ఇకనుంచి కడిగిన సీసాలు, చెంచాలు బోర్లించి వదిలేయకుండా మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పెట్టండి. బాబు పడుకునే ముందు మూతి, చేతులు తుడవండి. పాలు, తిండి వాసనకి ఎలుకలు పడుకున్న పిల్లల్ని కొరికిన సందర్భాలు ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, పక్క నేల మీద వేస్తుంటే ఇది పూర్తిగా తగ్గేదాకా మంచం మీదికి మార్చండి, మంచం గోడకి ఆనించకుండా.

ఎవరినైనా కొరికితే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి డాక్టర్‌కి చూపించండి. టెటనస్ సూది, అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తారు. ఎలుక కాటుతో మనుషులకి రేబిస్ రావడం దాదాపు లేనట్టే, అయినా ఆ నిర్ణయం డాక్టర్‌దే. వచ్చే కొన్ని వారాల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే "మా ఇంట్లో ఎలుకలున్నాయి" అని డాక్టర్‌కి మీరే చెప్పండి. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మామూలు జ్వరంలాగే మొదలవుతుంది, ఈ ఒక్క మాట చెప్తే పరీక్ష త్వరగా చేస్తారు. ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉంటే ఈ శుభ్రం చేసే పని వాళ్లకి అసలు అప్పగించొద్దు.

తాపీపని మనిషి

12 మిల్లీమీటర్లు, చివర్లు సన్నగా అన్నారంటే అది పైన తిరిగే నల్ల ఎలుకే అయ్యుండాలి, సజ్జ మీద అలికిడికి కూడా సరిపోయింది. బోనులు కింద రెండు పెట్టి మిగతావి సజ్జ మీదే పెట్టండి, బాబుకి అందవు కూడా. స్ప్రింగు బోను కింద పెట్టాల్సి వస్తే రెండు చివర్లా కన్నాలు చేసిన చెక్కపెట్టెలో పెట్టి మెషీన్ వెనక దూర్చండి, పొద్దునే తీసేయండి. గోడ కన్నం ముందు ఇనుప జాలీ దోపి, గొట్టం చుట్టూ సిమెంటు గట్టిగా పూయించండి. సిమెంటు పచ్చిగా ఉన్న మొదటి రాత్రి ఒక రేకు ముక్క అడ్డం పెట్టండి, లేకపోతే ఆరేలోపే తవ్వేస్తాయి.

నిద్రలేని అమ్మ

నెల తర్వాత రాస్తున్నాను, అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి. ఐదు రోజులు బోనులు బిగించకుండా తిండి పెట్టాం. బిగించిన మొదటి వారంలో నాలుగు, రెండో వారంలో ఒకటి, తర్వాత ఏమీ పడలేదు. మెషీన్ వెనక కన్నం మూయించాం, ఎక్స్‌హాస్ట్ ఫ్యాన్‌కి జాలీ వేయించాం, వంటింటి తలుపు కింద రేకు పట్టీ కొట్టించాం. సజ్జ మీద పాత అట్టపెట్టెలు తీస్తే ఒకదానిలో గుడ్డపేలికలు, పేపరు ముక్కలతో గూడు, ఖాళీగా ఉంది. నర్సు అక్క చెప్పినట్టే తడిపి తీశాం.

పన్నెండు రోజులుగా అలికిడి లేదు. పిండి చల్లిన చోట గుర్తులు లేవు. ఏసీ పైపు దగ్గర కూరిన పేపరు ఉండ మాత్రం నిన్న కొంచెం జరిగినట్టనిపించింది, గాలికో ఏమో తెలియదు, కొత్త ఉండ పెట్టి చూస్తున్నాను. మళ్లీ జరిగితే దాన్నీ మూయించేస్తాం. సజ్జ మీద రెండు బోనులు ఇంకా తీయలేదు.